తోక లేదని ఇరవై నాలుగేళ్ళకు గాని తెలియలేదు: ఒక అడవి గబ్బిలం గుర్తింపు కథ

1948. పడమటి కనుమల్లో, తమిళనాడు కేరళ సరిహద్దు దగ్గర హై వేవీ కొండలు. ఇప్పుడు మేఘమలై అంటున్నారు, తేని జిల్లాలో ఉన్నాయి. అప్పట్లో అదంతా మదురై జిల్లా. అక్కడి తోటల్లో పనిచేసే ఆంగస్ హటన్ అనే బ్రిటిష్ ప్లాంటర్‌కు జంతువులంటే ప్రాణం. ఆ కొండల్లో కనబడిన పాములు, క్షీరదాల గురించి ఓపిగ్గా రాసిపెట్టుకునేవాడు. సుమారు 750 మీటర్ల ఎత్తున ఆయనకు ఒక గబ్బిలం దొరికింది. గోధుమరంగు ఒళ్ళు, కుక్కపిల్ల లాంటి మొహం, పెద్ద కళ్ళు. చూస్తే మన జామచెట్ల మీదికి వచ్చే పొట్టిముక్కు పళ్ళ గబ్బిలం లాగే ఉంది. ఆ పేరుతోనే అది బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ సేకరణలోకి చేరింది.

అక్కడ ఒక అరలో 24 ఏళ్ళు ఉండిపోయింది. 1972లో థాయ్‌లాండ్‌కు చెందిన కిట్టి థాంగ్‌లాంగ్యా అనే జీవశాస్త్రవేత్త ఆ నమూనాను పరిశీలించాడు. దానికి తోక లేదు. నోట్లో దంతాల లెక్క కూడా కలవలేదు. ఇది పొట్టిముక్కు గబ్బిలం కాదు, అప్పటిదాకా పేరు పెట్టిన ఏ గబ్బిలమూ కాదు. కొత్త జాతి మాత్రమే కాదు, ఏకంగా కొత్త ప్రజాతి, అంటే దగ్గరి జాతులను కలిపే పై గుంపు కూడా కొత్తదే. ఆయన దానికి లాటిడెన్స్ సాలిమాలీ అని పేరు పెట్టాడు. లాటిడెన్స్ అంటే వెడల్పాటి పళ్ళది. రెండో ముక్క పక్షి శాస్త్రవేత్త సలీం అలీ గౌరవార్థం. ఈ రోజుకీ ఆ ప్రజాతిలో ఉన్నది ఆ ఒక్క జాతే.

ఈ కథను చాలామంది "శాస్త్రవేత్తలు పొరపడ్డారు, తర్వాత దిద్దుకున్నారు" అని చెప్పి వదిలేస్తారు. నాకు ఇందులో ముఖ్యంగా కనబడేది వేరు. హటన్ గబ్బిలానికి తప్పు పేరు తగిలింది, కానీ వస్తువు మిగిలింది. ఎక్కడ దొరికింది, ఎప్పుడు దొరికింది, ఎవరు పట్టారు అన్నది చీటీ మీద ఉంది. అందుకే పావు శతాబ్దం తర్వాత వేరే దేశపు మనిషి వచ్చి ఆ తప్పును సరిచేయగలిగాడు. "హై వేవీ కొండల్లో పొట్టిముక్కు గబ్బిలం కనిపించింది" అని హటన్ ఒక్క వాక్యం రాసి ఊరుకుని ఉంటే, ఆ వాక్యాన్ని ఎవరూ తిరగేసి చూడగలిగేవాళ్ళు కాదు. అడవి గబ్బిలాన్ని గుర్తించే పనిలో పేరు పెట్టడం సగమే. మిగతా సగం, మన మాటను రేపు ఇంకొకరు పరీక్షించుకోగలిగేలా ఆధారం వదలడం. ఈ రెండో సగం ఎంత కష్టమో చెప్పడానికే ఈ వ్యాసం.

చేతిలో ఉన్నా ఎందుకు తెలియదు

పులిని చూస్తే పులి అని తెలుస్తుంది. గబ్బిలం విషయంలో అలా కుదరదు. భారతదేశంలో దాదాపు 130 జాతుల గబ్బిలాలు ఉన్నాయి. వాటిలో పళ్ళు తినేవి పదిహేను లోపే, మిగతావి దాదాపు అన్నీ పురుగులు తినేవి. పళ్ళ గబ్బిలాలు కొంచెం నయం, కనీసం మొహాల్లో తేడా ఉంటుంది. పురుగులు తినే చిన్న గబ్బిలాల్లో కొన్నింటిని అరచేతిలో పెట్టుకుని టార్చి వేసి చూసినా, ముప్ఫై ఏళ్ళ అనుభవం ఉన్నవాళ్ళు కూడా "ఈ గుంపులో ఏదో ఒకటి" అనే ఆగిపోతారు.

సలీం అలీ గబ్బిలాన్నే తీసుకుందాం. గబ్బిలాల కొలతల్లో అందరూ మొదట చూసేది ముంజేయి పొడవు. రెక్క ముడిచినప్పుడు మోచేతి నుంచి మణికట్టు వరకు ఉండే ఎముక అది. దాన్ని వెర్నియర్ కాలిపర్‌తో కొలుస్తారు. తిండి తిన్నా తినకపోయినా, కడుపుతో ఉన్నా లేకపోయినా ఆ ఎముక మారదు కాబట్టి బరువు కన్నా అది నమ్మదగిన కొలత. సలీం అలీ గబ్బిలానికి అది సుమారు 65 నుంచి 70 మిల్లీమీటర్లు. పొట్టిముక్కు గబ్బిలానికి సుమారు 64 నుంచి 79. అంటే ఒకదాని కొలత పూర్తిగా రెండోదాని కొలతల లోపలే పడుతోంది! ముంజేయి ఒక్కటే కొలిచి పుస్తకంలో వెతికినవాళ్ళకు దొరికే జవాబు పొట్టిముక్కు గబ్బిలమే. ఎందుకంటే అది దేశమంతా ఉంది, ఇది ఉందన్న సంగతే 1972 దాకా ఎవరికీ తెలియదు.

రంగు? గోధుమ రంగులో ఎన్ని ఛాయలున్నాయో అన్నీ గబ్బిలాల మీద కనిపిస్తాయి. ఒకే జాతిలో మగదానికి, ఆడదానికి, పిల్లకు వేరువేరు రంగులు ఉండొచ్చు. పైగా ఏళ్ళ తరబడి స్పిరిట్ సీసాలోనో పెట్టెలోనో ఉన్న నమూనా రంగు వెలిసిపోతుంది.

ఇక తోక. పొట్టిముక్కు గబ్బిలానికి తోక ఉంటుంది, కానీ ఒక సెంటీమీటరు, అంతకు కొంచెం ఎక్కువ. అందులోనూ కొంత భాగం కాళ్ళ మధ్య ఉండే చర్మంలో కలిసిపోయి ఉంటుంది. వెతికితేనే కనబడుతుంది. సలీం అలీ గబ్బిలానికి అసలు బయటికి కనిపించే తోకే లేదు. ఉన్న చిన్న తోకను చూడకపోవడానికీ, తోక లేదని గమనించడానికీ మధ్య ఎంత దూరమో చూడండి. లేనిదాన్ని గమనించాలంటే, ఇక్కడ ఏదో ఉండాలి అని ముందే తెలిసి ఉండాలి.

చివరికి తేల్చింది పళ్ళు. ముందు వైపు కొరికే పళ్ళను మన బడి పుస్తకాల్లో కుంతకాలు అని చదువుకున్నాం. పొట్టిముక్కు గబ్బిలానికి పైన రెండు జతలు, కింద రెండు జతలు, మొత్తం ఎనిమిది కుంతకాలు. సలీం అలీ గబ్బిలానికి పైన ఒక జత, కింద ఒక జత, నాలుగే. క్షీరదాల్లో పళ్ళ సంఖ్య అంత తేలిగ్గా మారదు. రంగు, పరిమాణం, బొచ్చు చోటును బట్టి, వయసును బట్టి మారతాయి గానీ, దవడలో ఎన్ని పళ్ళు ఎక్కడెక్కడ ఉండాలన్నది తరాల తరబడి నిలకడగా ఉంటుంది. అందుకే పళ్ళలో అంత తేడా కనబడగానే దాన్ని పాత ప్రజాతిలో ఇరికించడం కుదరలేదు, కొత్తది కట్టాల్సి వచ్చింది.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. వయసు చూడకుండా కొలతలకు అర్థం లేదు. సగం ఎదిగిన పెద్ద జాతి పిల్ల, పూర్తిగా ఎదిగిన చిన్న జాతి తల్లి ఒకే సైజులో ఉండొచ్చు. దీన్ని తేల్చే పద్ధతి నాకు చాలా ఇష్టం. రెక్కను మెల్లగా చాచి వెనకనుంచి టార్చి వేస్తారు. పిల్లదైతే వేళ్ళ కీళ్ళ దగ్గర ఇంకా మృదులాస్థి ఉంటుంది, ఆ చోట వెలుతురు దాటి వస్తుంది. పెద్దదైతే కీలు గట్టిగా, ముడిలా, చీకటిగా కనబడుతుంది. ఏ ఖరీదైన పరికరమూ అక్కర్లేదు. చిన్న దీపం, ఓపిక ఉన్న చెయ్యి చాలు.

చెవికి దొరికేవి, దొరకనివి

"ఇప్పుడు బ్యాట్ డిటెక్టర్లు వచ్చాయి కదా, శబ్దం రికార్డు చేసి పేరు చెప్పేస్తారు" అని కొందరు అంటుంటారు. అది సగం నిజం.

పురుగులు తినే గబ్బిలాలు గొంతులోంచి అతిధ్వనులు వదిలి, వాటి ప్రతిధ్వని విని చీకట్లో దారి వెతుక్కుంటాయి. మన చెవి 20 కిలోహెర్ట్జ్‌ల దాకా వినగలదు, అదీ చిన్న వయసులో. ఆకుముక్కు గబ్బిలాలు కొన్ని 100 కిలోహెర్ట్జ్‌లకు పైన అరుస్తాయి. డిటెక్టర్ ఆ శబ్దాన్ని పట్టుకుని బొమ్మగా గీసి చూపిస్తుంది. ఆకుముక్కు, గుర్రపులాడం ముక్కు గబ్బిలాల్లో ప్రతి జాతికీ దాదాపు స్థిరమైన స్వరం ఉంటుంది. బొమ్మలో అది నేలకు సమాంతరంగా గీసిన గీతలా కనబడుతుంది. ఆ గీత ఎంత ఎత్తున ఉందో చూసి జాతిని చాలావరకు అంచనా వేయొచ్చు.

శబ్దం ఎంత దూరం తీసుకెళ్ళగలదో యూరప్‌లో తెలిసింది. ఇళ్ళ చూరుల్లో ఉండే అతి సాధారణమైన పిపిస్ట్రెల్ గబ్బిలాలు కొన్ని 45 కిలోహెర్ట్జ్‌ల దగ్గర, కొన్ని 55 దగ్గర అరుస్తున్నాయని గమనించారు. తర్వాత డీఎన్ఏ చూస్తే అవి రెండు వేర్వేరు జాతులు. శతాబ్దాలుగా మనుషుల నెత్తి మీదే ఎగురుతున్న గబ్బిలాలు రెండు రకాలని 1990లలో గాని తేలలేదు.

కానీ అన్నింటికీ ఇది పనికిరాదు. సాధారణ పురుగుల గబ్బిలాలు చాలా రకాలు తమ స్వరాన్ని చోటును బట్టి మార్చుకుంటాయి. ఆరుబయట ఎగిరేటప్పుడు ఒకలా, కొమ్మల మధ్య దూరేటప్పుడు ఒకలా. ఒక జాతి స్వరం ఇంకో జాతి స్వరం మీద పడిపోతుంది. అందుకని ముందు గబ్బిలాన్ని పట్టి, జాతి తేల్చుకుని, వదిలిపెట్టేటప్పుడు దాని స్వరం రికార్డు చేసి దాచుకోవాలి. ఆ నిఘంటువు ఉంటేనే రేపు అడవిలో దొరికిన గొంతుకు అర్థం దొరుకుతుంది. పడమటి కనుమల్లో వాల్పరై ప్రాంతపు గబ్బిలాలకు అలాంటి స్వరాల పట్టిక 2014లో అచ్చయింది. ఒక ప్రాంతపు నిఘంటువు ఇంకో ప్రాంతానికి కళ్ళు మూసుకుని వాడటం కూడా ప్రమాదమే. గొంతు ఊరిని బట్టి కాస్త మారుతుంది, మన యాసల్లాగా.

మరి సలీం అలీ గబ్బిలం? అది పళ్ళ గబ్బిలం. ఈ కుటుంబానికి గొంతుతో ప్రతిధ్వని వెతికే పద్ధతి లేదు. కళ్ళతో చూసి, ముక్కుతో పళ్ళ వాసన పట్టి తిరుగుతాయి. మన బొర్రా గుహల్లో ఉండే రౌసెట్ జాతి గబ్బిలాలు మాత్రం నాలుకతో టిక్కు టిక్కుమని చప్పుడు చేసి గుహ చీకట్లో దారి చూసుకుంటాయి. అది ఆ ఒక్క రకపు ప్రత్యేకత. అంటే అడవిలో రాత్రంతా డిటెక్టర్ పెట్టి కూర్చున్నా, సలీం అలీ గబ్బిలం నెత్తి మీదుగా వెళ్ళిపోయినా తెర మీద ఏమీ పడదు. ఇలాంటి జాతికి వల తప్ప దారి లేదు. ఇంత కాలం దాని గురించి ఇంత తక్కువ తెలియడానికి ఇదొక కారణం.

వల కట్టిన రాత్రి

దీనికి వాడేది మిస్ట్ నెట్. సన్నని నల్ల నైలాన్ దారంతో అల్లిన వల. పొద్దుగూకాక చూస్తే రెండడుగుల దూరం నుంచి మనకే కనబడదు. దాన్ని రెండు కర్రల మధ్య, వాగు మీదనో, అడవిలో ఇరుకు బాట మీదనో, పళ్ళు కాసిన చెట్టు పక్కనో కడతారు. గబ్బిలం వచ్చి తగిలి, వలలో వదులుగా ఉన్న మడతలో పడుతుంది. పళ్ళ గబ్బిలాలు తరచూ చెట్ల తలల ఎత్తున తిరుగుతాయి కాబట్టి, వలను తాళ్ళతో పైకి లాగి కట్టాల్సి వస్తుంది. కనుమల అడవిలో అంత ఎత్తు చెట్ల మధ్య, తడి రాళ్ళ మీద నిలబడి ఆ పని చేయడం మాటలు కాదు.

మన దేశంలో అటవీ శాఖ అనుమతి లేకుండా ఇదంతా నేరం. ఆ అనుమతి కోసం నెలల తరబడి తిరగాల్సి రావొచ్చు. అయినా ఆ నిబంధన ఉండాల్సిందే. వలలో చిక్కిన గబ్బిలాన్ని తీయడం తెలియనివాడు తీస్తే రెక్క చిరుగుతుంది, వేళ్ళు విరుగుతాయి. వలను పది పదిహేను నిమిషాలకోసారి చూడాలి. వదిలేసి టీ తాగడానికి పోతే గబ్బిలం చలికి, భయానికి చచ్చిపోవచ్చు. వాన పడితే వల దించేయాలి. వెన్నెల బాగా ఉన్న రాత్రి చాలా జాతులు గుడ్లగూబలకు దొరుకుతామని బయట తిరగడం తగ్గిస్తాయి, వల కూడా వాటికి కనబడుతుంది. అందుకని అమావాస్యకు దగ్గర రాత్రులు చూసుకుని వెళ్తారు.

పట్టినదాన్ని చిన్న గుడ్డ సంచిలో వేసి కాసేపు స్థిమితపడనిస్తారు. సంచితో సహా తూచి, సంచి బరువు తీసేస్తారు. ముంజేయి, చెవి, పాదం, తోక (ఉంటే) కొలుస్తారు. మగా ఆడా, పాలిచ్చే తల్లా, కడుపుతో ఉందా చూస్తారు. కడుపుతో ఉన్నదాన్నీ పాలిచ్చేదాన్నీ ముందుగా వదిలేయాలి. మూతి మెల్లగా తెరిచి పళ్ళు ఫోటో తీస్తారు. మందంగా గ్లౌజులు వేసుకున్నా పళ్ళ గబ్బిలం కరిస్తే తెలుస్తుంది. ఈ పనిలో ఉన్నవాళ్ళు ముందుగానే రేబిస్ టీకాలు వేయించుకుంటారు, మాస్కు పెట్టుకుంటారు. ఆ జాగ్రత్త మనకోసమే కాదు, మన రోగాలు వాటికి అంటకుండా కూడా.

డీఎన్ఏ కోసం రెక్క చర్మం నుంచి రెండు మూడు మిల్లీమీటర్ల ముక్క తీస్తారు. రెక్కలో రక్తనాళాలు లేని చోటు చూసి తీస్తే కొన్ని వారాల్లో అది పూడిపోతుంది. ఆ ముక్కను ఆల్కహాల్ ఉన్న బుల్లి సీసాలో వేసి నంబరు రాస్తారు. చివరగా పట్టిన చోటే వదిలిపెడతారు.

చంపి నమూనాగా దాచాలా వద్దా అన్నది ఈ రంగంలో పెద్ద చర్చ. నా మనసు వదిలేయమనే చెబుతుంది. కానీ ఈ వ్యాసం మొదలైందే ఒక నమూనా పెట్టెతో. హటన్ గబ్బిలం ఆ అరలో లేకపోతే ఈ జాతి ఉందని మనకు ఎప్పుడు తెలిసేదో చెప్పలేం. పిపిస్ట్రెల్ లాంటి చిన్న గబ్బిలాల్లో కొన్ని జాతులను మగదాని అంగంలో ఉండే సన్నని ఎముక ఆకారం చూసి గాని విడదీయలేరు. అది బతికున్నదానిలో చూడటం కుదరదు. కాబట్టి నాకు సబబనిపించేది ఇది: కొత్త చోటు, సందేహమున్న జాతి అయితే, అనుమతితో, ఒకటో రెండో. ఇప్పటికే బాగా తెలిసినది, లేదా అసలే కొద్దిగా మిగిలినది అయితే ఫోటోలు, కొలతలు, రెక్క ముక్క, అంతే.

"అక్కడే ఉంది" అంటే "అక్కడే వెతికాం"

1972లో పేరు వచ్చాక కూడా సలీం అలీ గబ్బిలం అంటే ఆ ఒక్క నమూనాయే. బతికి ఉన్నదాన్ని మళ్ళీ చూసింది 1993లో. హటన్ పట్టిన 45 ఏళ్ళ తర్వాత, అవే హై వేవీ కొండల్లో. ఆ తర్వాత కలక్కాడు ముండందురై పులుల అభయారణ్యం వైపు, అగస్త్యమలై అడవుల్లో, కేరళ కనుమల్లో కొన్నిచోట్ల దొరికింది. గుహల్లో చిన్న చిన్న గుంపులుగా ఉంటుందని, రుద్రాక్ష కుటుంబపు చెట్ల పళ్ళు, మర్రి జాతి పళ్ళు తింటుందని తెలిసింది. అంత కాలం అది ఎక్కడికీ పోలేదు. వెతికినవాళ్ళు లేరు, వెతికినవాళ్ళలో తోక చూసినవాళ్ళు లేరు.

ఇదే పాఠం రాటన్ గబ్బిలం ఇంకా గట్టిగా చెబుతుంది. పెద్ద చెవులు, పొడవాటి రెక్కలు ఉండే ఈ జాతికి 1913లో పేరు పెట్టారు. కర్ణాటకలో బెళగావి దగ్గర బారాపెడె గుహలో దొరికింది. దాదాపు తొంభై ఏళ్ళు ప్రపంచంలో ఆ ఒక్క గుహలోనే ఉందనుకున్నారు. తర్వాత ఎక్కడో కంబోడియాలో ఒకటి దొరికింది. ఆ వెంటనే మేఘాలయలో. బెళగావికీ మేఘాలయకూ మధ్య ఎంత దేశం ఉందో ఆలోచించండి.

మేఘాలయ గురించి ఇంకొకటి. అక్కడ నాంగ్‌ఖైలెం అభయారణ్యం పక్కన లైలాడ్ వెదురు అడవుల్లో, బొటనవేళ్ళకూ పాదాలకూ బిళ్ళల్లాంటి మెత్తలున్న ఒక వింత గబ్బిలం దొరికింది. ఆ మెత్తలతో అది నున్నని వెదురును అంటిపెట్టుకుంటుంది. తలకాయ చదునుగా ఉంటుంది కాబట్టి, వెదురు కణుపులో పురుగు తొలిచిన సన్నని సందులోంచి లోపలికి దూరిపోతుంది. అంతకు ముందు దాని జాడ మయన్మార్, థాయ్‌లాండ్, లావోస్, వియత్నాం వైపే. దగ్గరి పాత రికార్డుకు దాదాపు వెయ్యి కిలోమీటర్ల ఇవతల అది తేలింది. శరీర లక్షణాలతో పాటు డీఎన్ఏ కూడా వియత్నాం గబ్బిలాలతో కలవడంతో సందేహం తీరింది. 2021లో వార్తల్లోకి వచ్చింది. ఆ వెదురు పొదల పక్కనుంచి ఎంతమంది నడిచి ఉంటారు!

అయితే దీన్ని పట్టుకుని "వెతికితే ఎక్కడైనా దొరుకుతుందిలే" అనుకోవడం మాత్రం పెద్ద తప్పు. అన్ని కథలూ అలా ముగియవు. కోలార్ సంగతి చూడండి.

కోలార్ గుహ

చిత్తూరు సరిహద్దు దాటితే కోలార్ జిల్లా. అక్కడ తెలుగు మాట్లాడేవాళ్ళకు కొదవ లేదు. అక్కడి రాతి గుట్టల్లో దొరికిన ఒక ఆకుముక్కు గబ్బిలానికి 1994లో కొత్త జాతిగా పేరు పెట్టారు. కోలార్ ఆకుముక్కు గబ్బిలం అంటారు. తర్వాత హైదరాబాద్ ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచి భార్గవి శ్రీనివాసులు, చెల్మల శ్రీనివాసులు, వాళ్ళ బృందం అక్కడికి వెళ్ళి ఏళ్ళ తరబడి వెతికారు. చివరికి హనుమనహళ్ళి గ్రామం దగ్గర ఒకే ఒక్క గుహలో మిగిలాయి. లెక్క రెండు వందల లోపు. చుట్టూ గ్రానైట్ తవ్వకాలు.

ఆ గుహలో ఇతర ఆకుముక్కు జాతులు కూడా ఉంటాయి. చీకట్లో, ఒకే రాతికి వేలాడుతూ. వాటిలో ఏది ఏదో గుహలోకి వెళ్ళి కెలకకుండా చెప్పాలంటే స్వరం, దూరం నుంచి తీసిన ఫోటో ముఖ్యం. ఇక్కడ గుర్తింపులో చిన్న పొరపాటు జరిగితే ఎంత నష్టమో లెక్క వేయండి. మామూలు జాతి గబ్బిలాలు యాభైని కోలార్ గబ్బిలాలుగా లెక్కేస్తే, "పరవాలేదు, పెరుగుతున్నాయి" అని అందరూ ఊపిరి పీల్చుకుంటారు. అసలువి తగ్గిపోతున్నా ఎవరికీ తెలియదు. ఇలా కచ్చితంగా తేల్చి చెప్పగలిగారు కాబట్టే తవ్వకాల మీద గట్టిగా మాట్లాడటానికి ఆధారం దొరికింది. మన విశ్వవిద్యాలయం నుంచి వెళ్ళినవాళ్ళు ఈ పని చేశారని తెలిసినప్పుడు నాకు గర్వంగా అనిపించింది.

చట్టం పళ్ళు లెక్కపెడితే

గుర్తింపు అంటే పుస్తకాల పని అనుకునేవాళ్ళకు ఒక్క విషయం చెప్పాలి. కిట్టి మన గబ్బిలానికి పేరు పెట్టిన 1972లోనే వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా వచ్చింది. ఆ చట్టం అయిదో షెడ్యూల్‌లో ఎలుకలు, కాకులతో పాటు పళ్ళ గబ్బిలాలను కూడా పంటలకు చీడ జంతువులుగా చేర్చారు. అంటే చంపినా నేరం కాదు. సలీం అలీ గబ్బిలాన్ని మాత్రం తర్వాత మొదటి షెడ్యూల్‌లో, పులీ ఏనుగూ ఉన్న జాబితాలో పెట్టారు.

ఒకే తోటలో, ఒకే రాత్రి, ఒకే సైజు గోధుమరంగు గబ్బిలాలు రెండు. ఒకటి చట్టం ముందు చీడ. ఇంకొకటి పులితో సమానం. తేడా ఒక సెంటీమీటరు తోక, నాలుగు పళ్ళు. తోట రైతుకు గానీ, బీట్ ఆఫీసరుకు గానీ ఇది తెలుస్తుందని ఎలా అనుకోగలం? ఒకదాన్ని కాపాడి మిగతావాటిని చంపొచ్చనడం ఆచరణలో ఏదీ కాపాడకపోవడమే. 2022 సవరణతో ఆ చీడ జంతువుల షెడ్యూల్ పోయింది. అది ఎప్పుడో పోవాల్సింది. పళ్ళ గబ్బిలాలు విత్తనాలు మోసుకెళ్ళి అడవిలో చెట్లు మొలిపిస్తాయి, రాత్రి పూసే పూలకు పరాగం చేరుస్తాయి. మన పెరట్లో జామపండు కొరికి పడేసినందుకు యాభై ఏళ్ళు వాటిని ఎలుకల వరసలో కూర్చోబెట్టాం.

సలీం అలీ గబ్బిలం ఇప్పుడు అంతర్జాతీయ జాబితాలో అంతరించే ప్రమాదంలో ఉన్న జాతి. అడవులు తేయాకు, కాఫీ, యాలకుల తోటలుగా మారడం, గుహల్లో మనుషుల అలికిడి, మందుకు పనికొస్తుందని వేటాడటం దాని కష్టాలు. మేఘమలై 2021లో శ్రీవిల్లిపుత్తూరు మేఘమలై పులుల అభయారణ్యంలో భాగమైంది. పులి పేరున కాపాడిన అడవి గబ్బిలానికి కూడా ఇల్లే.

ఏది రికార్డు అవుతుంది

ఫోన్లో తీసిన మసక ఫోటో కింద "అరుదైన గబ్బిలం" అని రాస్తే అది రికార్డు కాదు. తేదీ, చోటు, ఎత్తు, ఎలాంటి అడవి, వలతోనా డిటెక్టర్‌తోనా, ఎవరు గుర్తించారు, ఏ లక్షణం చూసి గుర్తించారు అన్నవి ఉండాలి. ఈ చివరిదాన్నే చాలామంది వదిలేస్తారు. "ఇది ఫలానా జాతి" అని రాయడం వేరు, "పైన ఒక జత కుంతకాలు ఉన్నాయి, బయటికి తోక లేదు, అందుకని ఫలానా జాతి అనుకుంటున్నాను" అని రాయడం వేరు. రెండోది రాసినవాడు పొరపడినా ఆ రాత పనికొస్తుంది. మొదటిది రాసినవాడు సరిగ్గా చెప్పినా దాన్ని నిరూపించలేం. ఏమీ పడని రాత్రులు కూడా రాయాలి. పదిహేను రాత్రులు వల కట్టాం, సున్నా. ఆ సున్నా లేకపోతే, ఆ అడవిలో లేవో, అసలు ఎవరూ వెళ్ళలేదో తర్వాతివాళ్ళకు తెలియదు.

గుహ కచ్చితమైన చోటు మాత్రం అందరికీ చెప్పకూడదు. శాస్త్రవేత్తలకూ అటవీ శాఖకూ తెలిస్తే చాలు. సెల్ఫీల కోసం నలుగురు టార్చీలతో వెళ్తే, తల్లికి కరుచుకుని ఉన్న పిల్లలు కింద పడతాయి.

శాస్త్రవేత్తలు కానివాళ్ళు చేయగలిగినవి కూడా ఉన్నాయి. నల్లమలలోనో, పాపికొండల్లోనో, మీ ఊరి పాత కోట మెట్ల బావిలోనో గబ్బిలాల గుంపు ఉంటే ముట్టుకోకుండా, లోపలికి పోకుండా, సాయంత్రం బయటికి వచ్చేటప్పుడు లెక్కపెట్టొచ్చు. ఏ నెలలో ఎక్కువ, ఏ నెలలో తక్కువ అని రాసుకోవచ్చు. చెట్టు కింద రాలిన కొరికిన పళ్ళు, విత్తనాలు ఏవో చూడొచ్చు. చనిపోయినది కనబడితే చేత్తో తాకకుండా పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసి, దగ్గరి విశ్వవిద్యాలయపు జంతుశాస్త్ర విభాగానికి చెప్పొచ్చు. ఇంట్లోకి గబ్బిలం వస్తే అపశకునమని చీపురు తీసేవాళ్ళకు, లైటు ఆర్పి కిటికీ తీస్తే అదే పోతుందని చెప్పినా అదీ మేలే.

కిట్టి థాంగ్‌లాంగ్యా గురించి ఒక మాట మిగిలింది. హటన్ గబ్బిలానికి పేరు పెట్టిన మరుసటి ఏడాది, 1973లో, ఆయనకు తన సొంత దేశంలోనే, కాంచనబురి ప్రాంతపు సైయోక్ గుహల్లో ఒక చిట్టి గబ్బిలం దొరికింది. రెండు గ్రాముల బరువు, పంది మూతి లాంటి ముక్కు, దీనికి కూడా తోక లేదు. ఇప్పటిదాకా తెలిసిన గబ్బిలాల్లో అతి చిన్నది. ఆయన దాన్ని లండన్ బ్రిటిష్ మ్యూజియంలో గబ్బిలాల నిపుణుడు జాన్ ఎడ్వర్డ్స్ హిల్ దృష్టికి తెచ్చాడు. 1974 ఫిబ్రవరిలో కిట్టి చనిపోయాడు. ఆ గబ్బిలానికి పేరు ఇంకా రాలేదు. నమూనాలు మాత్రం ఉన్నాయి. ఆ ఏడాదే హిల్ వాటిని పరిశీలించి, కొత్త జాతి, కొత్త ప్రజాతి, ఏకంగా ప్రజాతి కన్నా పై గుంపైన కుటుంబం కూడా కొత్తదే అని తేల్చి, క్రేసియోనిక్టెరిస్ థాంగ్‌లాంగ్యై అని పేరు పెట్టాడు.